రెండు గీతల పెట్టె

అచ్యుతరావుకు మూలలంటే పిచ్చి. ఇంటి మూలలు కాదు, కంప్యూటర్ తెర మీద గీసే పెట్టెల మూలలు. నల్లటి తెర, దాని మీద అక్షరాలు తప్ప ఇంకేమీ కనబడని కాలంలో ఆయన ఉద్యోగంలో చేరాడు. అప్పట్లో తెర మీద ఒక పెట్టె కావాలంటే అక్షరాలతోనే కట్టుకోవాలి. అందుకని కీబోర్డు మీద లేని గుర్తులు కొన్ని కంప్యూటర్ లోపల ఉంచేవారు. అడ్డగీతకొకటి, నిలువుగీతకొకటి, నాలుగు మూలలకు నాలుగు. వాటిని పక్కపక్కన పేర్చుకుంటూ పోతే ┌───┐ అని పైకప్పు లేస్తుంది, దాని కింద గోడలు నిలబడతాయి. ఒక్క గుర్తు అటూ ఇటూ అయిందంటే మూల దగ్గర సందు పడుతుంది. ఆ సందు లోకంలో ఎవరికీ కనబడదు, అచ్యుతరావుకు తప్ప. ఆయనకు మాత్రం ఆ పూట అన్నం సహించదు.

అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలో ట్రాక్టర్ విడిభాగాలు అమ్మే ఒక కంపెనీలో ఆయన ఉద్యోగమంతా గడిచింది. గోడౌన్‌లో ఏ అరలో ఏ సరుకుందో చూపించే తెరలన్నీ ఆయన గీసినవే. అక్కడివాళ్ళు ఆయన్ను ‘మిస్టర్ కార్నర్స్’ అనేవారు. అది మెచ్చుకోలో వెక్కిరింపో తేల్చుకోకుండానే ఆయన దాన్ని బిరుదు కింద జమకట్టేసుకున్నాడు. రిటైరైన రోజు ఆయన కోసం తెచ్చిన కేకు మీద క్రీముతో ఒక చతురస్రం గీయించారట. ఈయన కత్తి పట్టుకునే ముందు వంగి, మూలలు కలిశాయా లేదా అని చూశాడట. ఈ సంగతి ఆయన భార్య లీల చెప్పింది కాబట్టి నమ్మవచ్చు. ఆవిడకు మొగుడి గురించి లేనిపోనివి కల్పించి చెప్పే ఓపిక లేదు.

ఆయనకు ఇంకొక గొప్ప కూడా ఉండేది. తను రాసిన ప్రోగ్రామ్‌లో తప్పు దొరికిందని జీవితంలో ఎవరూ ఆయనతో అనలేదు. ఈ మాట అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతుండేవాడు.

రిటైరయ్యాక అదే రాష్ట్రంలోని అరోరా ఊళ్ళో గుడి క్యాంటీన్ ఆయన చేతికి చిక్కింది. ఆదివారం దర్శనం అయ్యాక అందరూ బేస్‌మెంట్‌లోకి దిగి ఇడ్లీ, దోసె, పులిహోర, పొంగలి తినిపోతారు. వండేదీ వడ్డించేదీ వాలంటీర్లే. అంతకు ముందు ఆర్డర్లు కాగితం ముక్కల మీద రాసి వంటగదిలోకి అందించేవారు. అవి సాంబారులో తడిసేవి, దోసెల పెనం కింద దూరేవి. అచ్యుతరావు ఇంట్లో మూలన పడున్న పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి కౌంటర్ మీద పెట్టి, నల్లతెర ప్రోగ్రామ్ రాసి, వంటగదిలో చిన్న ప్రింటర్ తగిలించాడు. గుడి కమిటీకి పెద్ద మోహన్. నలభై దాటిన మనిషి, ఆఫీసులో పెద్ద ఉద్యోగం. అతను ఒకసారి మెల్లిగా అడిగి చూశాడు.

“అంకుల్, అందరూ టాబ్లెట్ వాడుతున్నారు కదా. మనం కూడా దానికి షిఫ్ట్ అవుదామా?”

“వైఫై పోయిందంటే ఆ టాబ్లెట్ విస్తరి కింద కూడా పనికిరాదయ్యా. ఇది చూడు, కరెంటుంటే చాలు,” అన్నాడు అచ్యుతరావు. మోహన్ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

వంటగదిలో వచ్చి పడే టికెట్ ఆయన తృప్తికి తగ్గట్టే ఉండేది. చుట్టూ పెట్టె, లోపల గళ్ళు. ప్రతి వంటకానికీ ఒక గడి, పక్కన ఎన్ని కావాలో అంకె. గళ్ళ వరస ఎప్పుడూ మారదు. ఆ టికెట్లు అందుకుని ప్లేట్లు సర్దేది శేషమ్మ.

శేషమ్మ ఒంగోలు వైపు మనిషి. కూతురు ఉజ్వల కాన్పుకని వచ్చి, గ్రీన్ కార్డు రావడంతో ఇక్కడే ఉండిపోయింది. అరవై దాటినా రెండు గిన్నెలు చెరో చేత్తో ఎత్తగలదు. హైస్కూలు పిల్లలు బళ్ళో చూపించాల్సిన సేవాగంటల కోసం, అదే సర్వీస్ అవర్స్ కోసం, వంటగదికి వస్తారు కదా, వాళ్ళకు ఆవిడంటే హడలు, ఆవిడ చేతి పొంగలంటే ప్రాణం. ఆవిడ ఒకరోజు కౌంటర్ దగ్గరకు వచ్చి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ అడిగింది.

“అన్నయ్యగారూ, జీడిపప్పు పడనోళ్ళ టికెట్టుకి ఏదన్నా గుర్తు పెట్టండి. ఆ పొగలో ఇంగ్లీషు ముక్కలు నాకేం కనపడతయ్యి?”

అచ్యుతరావు పొంగిపోయాడు. ఆయన దగ్గర అలాంటి గుర్తులకు కరువా? జీడిపప్పు వద్దన్నవాళ్ళ టికెట్‌కు ఒంటి గీత బదులు జంట గీతల పెట్టె గీశాడు, ╔═══╗ ఇలాగ. అప్పటినుంచి రెండు గీతల పెట్టె కనబడితే శేషమ్మ వేరే గిన్నెలోంచి, వేరే గరిటెతో పెట్టేది. వంటగదిలో ఎవరికీ ఎవరూ నేర్పకుండానే అది రూలై కూర్చుంది. కొన్నేళ్ళపాటు అలా ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది.

మొన్నటి ఉగాదికి కమిటీవాళ్ళకు తెలుగు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. గుమ్మాల మీద తెలుగు, చెప్పులు విడిచే చోట తెలుగు, క్యాంటీన్ టికెట్ల మీద కూడా తెలుగే ఉండాలన్నారు. అచ్యుతరావు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. అందరికంటే శేషమ్మకు సుఖమవుతుందని ఆయన మనసులో అనుకున్నాడు. పాపం, ఇన్నాళ్ళూ రాని ఇంగ్లీషుతో ఆవిడ ఎలా నెట్టుకొచ్చిందో!

తీరా పని మొదలుపెట్టాక తెలుగు ఆయన కొంప ముంచింది. ఇంగ్లీషు అక్షరాలు బుద్ధిగా ఒక్కోటి ఒక్కో గడిలో కూర్చుంటాయి. తెలుగు అలా కూర్చోదు. ‘పొంగలి’ అని రాస్తే కంటికి మూడు అక్షరాలు. ఒత్తులూ గుణింతాలూ సున్నాలూ విడివిడిగా లెక్కపెట్టే ప్రోగ్రామ్‌కు అవి ఆరు. దాంతో పెట్టె కుడివైపు గోడ ఒక వరసలో ముందుకొచ్చి, ఇంకో వరసలో వెనక్కి పోయి, వంకరటింకరగా తయారైంది. ఆయన దాన్ని సరిచేయడానికి చేయని ప్రయత్నం లేదు. ఇడ్లీ వరస కుదిరితే పులిహోర వరస చెడేది. నమూనా టికెట్లు డైనింగ్ టేబుల్ నిండా పరిచి వాటి మీద స్కేలు పెట్టి కొలుస్తుంటే, కంచాలు పెట్టుకునే చోటు లేక లీల కసురుకుంది.

“ఆ గోడ వంకరగా ఉంటే పొంగలి రుచి మారుతుందా?”

మారదు. కానీ వంకర గోడను నలుగురి ముందు పెట్టడం ఆయన వల్ల కాలేదు. చివరకు విసుగెత్తి పెట్టెనే తీసేశాడు. గళ్ళు లేవు, గోడలు లేవు. పైన ఒక గీత, కింద ఒక గీత, మధ్యలో వంటకాల పేర్లు, ఎదురుగా అంకెలు, పాత వరసలోనే. అప్పుడు జంట గీతల సంగతి గుర్తుకొచ్చింది. శేషమ్మకు ఇంగ్లీషు రాదని కదా అది పెట్టింది, ఇప్పుడంతా తెలుగే కదా అనుకున్నాడు. టికెట్ చివర ‘జీడిపప్పు వద్దు’ అని పెద్ద అక్షరాల్లో పడేట్టు చేశాడు. అంతకంటే స్పష్టంగా ఇంకేం కావాలి? ఈ మార్పు శేషమ్మకు వెళ్ళి చెప్పాలన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు. కళ్ళెదుట రాసి ఉన్నదాన్ని మళ్ళీ నోటితో చెప్పడమెందుకని కాబోలు.

ఉగాది నాడు మోహన్ మైకు పుచ్చుకుని, “మన శేషమ్మ ఆంటీ కోసం ఇకనుంచి కిచెన్ టికెట్స్ అన్నీ తెలుగులోనే!” అని ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు. శేషమ్మను ముందుకు పిలిచి మొదటి టికెట్ ఆవిడ చేతికిచ్చారు. దాని అడుగున ‘ఉగాది శుభాకాంక్షలు’ అని అచ్యుతరావు ముచ్చటపడి వేయించాడు. ఆవిడ ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని నవ్వి, అందరికీ దణ్ణం పెట్టింది.

ఒక్క మాట ఎవరికీ తోచలేదు. వంటగదిలో ఆవిడ చుట్టూ తిరిగే పిల్లలంతా ఇక్కడ పుట్టినవాళ్ళు. తెలుగులో అన్నం అడగగలరు, అమ్మమ్మను ఆట పట్టించగలరు, చదవడం మాత్రం రాదు. అంతకు ముందు ఇంగ్లీషులో ఉన్నప్పుడు టికెట్ మీద వాళ్ళ కన్ను కూడా ఒకటి పడుతుండేది. ఇప్పుడు వాళ్ళు దానివైపు చూడటమే మానేశారు. మన భాషను నిలబెట్టుకున్నామన్న సంబరంలో, ఆ గదిలో టికెట్ చదివే దిక్కు ఉందో లేదో ఎవరూ చూసుకోలేదు.

పండగ వెళ్ళిన కొన్నాళ్ళకు, బాగా రద్దీగా ఉన్న ఒక ఆదివారం, విద్య కౌంటర్ దగ్గరకు వచ్చింది. వెంట ఆరేళ్ళ కూతురు అనిక. వాళ్ళు తరచూ వచ్చేవాళ్ళే. ఆ పిల్లకు జీడిపప్పు పడదని అచ్యుతరావుకు తెలుసు.

“అంకుల్, ఒక పొంగలి, నట్స్ లేకుండా. అనికకి,” అంది విద్య.

“నువ్వు చెప్పాలా తల్లీ,” అంటూ ఆయన నొక్కాల్సినది నొక్కాడు. ప్రింటర్ టికెట్ కక్కింది. ‘జీడిపప్పు వద్దు’ అన్న మాట దాని మీద పడింది. పడటం ఆయన కౌంటర్‌కూ వంటగదికీ మధ్యనున్న గాజు పలకలోంచి కళ్ళారా చూశాడు.

శేషమ్మ ఆ టికెట్ చూసి, పెద్ద గిన్నెలోంచి పొంగలి పెట్టి, నేతిలో వేయించిన జీడిపప్పు కలిపి పంపించింది. రెండో ముద్దకే అనిక దగ్గడం మొదలుపెట్టింది. పెదవులు ఉబ్బాయి, ఊపిరి ఈల వేస్తున్నట్టుగా రాసాగింది. విద్య సంచి బోర్లించి, ఎప్పుడూ వెంట ఉంచుకునే ఇంజెక్షన్ తీసి పిల్ల తొడకు పొడిచింది. ఎవరో నైన్ వన్ వన్‌కు ఫోన్ చేశారు. అంబులెన్స్ వచ్చేదాకా ఆ హాలులో ఎవరూ ఒక్క మెతుకు ముట్టలేదు. స్ట్రెచర్ వెంట పరుగెత్తుతూ విద్య, గుమ్మంలో నిలబడ్డ శేషమ్మను చూసి, “మీకు కళ్ళు కనపడవా ఆంటీ?” అని అరిచింది.

పిల్ల బతికింది. మర్నాడు ఇంటికి కూడా తెచ్చేశారు. ఆ వారంలోనే శేషమ్మనూ అచ్యుతరావునూ పిలిచి కమిటీ కూర్చుంది. జీడిపప్పు, బాదంపప్పు ఇక వంటగదిలోకే రాకూడదని ముందుగా తీర్మానించారు. ఆ తర్వాత మోహన్ అచ్యుతరావు వైపు తిరిగాడు.

“అంకుల్, జస్ట్ వన్ క్వశ్చన్. జీడిపప్పు వద్దు అని టికెట్ మీద ప్రింట్ అయిందా?”

“అయింది. పెద్ద అక్షరాల్లో ఉంది,” అన్నాడు అచ్యుతరావు.

అందరూ శేషమ్మ వైపు చూశారు. ఆవిడ తల వంచుకుని, “నా కళ్ళే బాబూ. కనపడలా నాకు,” అంది. రెండు గీతల పెట్టె నేను తీసేశాను, ఆవిడకు చెప్పలేదు అన్న మాట అచ్యుతరావు నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? తప్పు లేని మనిషి అన్న పేరు పోతుంది. ఆ పేరు కోసం ఆయన నీళ్ళు నమిలాడు. మోహన్ చాలా మర్యాదగా, “ఆంటీ, మీరు చాలా చేశారు. ఇంక రెస్ట్ తీసుకోండి,” అన్నాడు. శేషమ్మ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అదే ఆయన్ను తినేసింది. అబద్ధమాడి ఉంటే, ఆడానని ఒప్పుకుని చెంపలు వేసుకోవచ్చు. నిజమే చెప్పి ఒక ఆడమనిషిని అవతలికి నెట్టినవాడు ఎవరి దగ్గరకు పోయి ఏమని ఒప్పుకోవాలి? ఇంట్లో పొంగలి వాసన వస్తే లేచి బయటికి పోయేవాడు. ఆ పిల్ల ఊపిరి చప్పుడు చెవుల్లోంచి పోయేది కాదు. ఆదివారం కౌంటర్ దగ్గర కూర్చుంటే, వంటగదిలో శేషమ్మ నిలబడే చోట ఇంకెవరో నిలబడి ఉండేవారు. ఆయన అటు చూడకుండా టికెట్లు కొట్టేవాడు. సిగ్గుగా ఉండేది. దానికంటే, ఇంత సిగ్గుపడుతూ కూడా నోరు విప్పలేకపోతున్నందుకు తనంటే తనకే రోతగా ఉండేది.

“ఏమైంది మీకు? చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?” అని లీల ఒకటికి రెండుసార్లు అడిగింది. చివరకు ఆవిడకు చెప్పాడు. పెట్టె తీసేసిన సంగతి, కమిటీలో నోరు మూసుకున్న సంగతి. లీల చేతిలో పని పక్కన పెట్టింది.

“ముందు శేషమ్మగారి ఇంటికి వెళ్ళండి. తర్వాత మోహన్ దగ్గరకు వెళ్దురుగాని,” అంది.

ఆయన వెళ్ళేసరికి శేషమ్మ సోఫాలో మనవరాలు దియను పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు బొమ్మల పుస్తకంలోంచి కథ చెబుతోంది. “అప్పుడు ఆ నక్క ఏమందీ…” అంటోంది. దియ నోరు తెరుచుకుని వింటోంది. ఆయన్ను చూసి శేషమ్మ పుస్తకం మూసి, పిల్లను మేడ మీదికి పంపింది. కాఫీ పెడతానని లేవబోతే ఆయన వద్దన్నాడు.

“శేషమ్మగారూ, తప్పు మీది కాదు. నాది. రెండు గీతల పెట్టె తీసేసింది నేను. మీతో ఒక్క మాట చెప్పలేదు. ఆ రోజు మీ మీదికి వస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఈ ఆదివారం అందర్నీ పిలిచి చెప్పేస్తాను.”

ఆవిడ తిడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఆవిడ భయపడింది.

“వద్దన్నయ్యగారూ. మీకు పుణ్యముంటది. చెప్పబాకండి.”

“అదేమిటి? తప్పు నాదైతే…”

“మీరు గీతలు తీసేశానంటారు. గీతలు లేకపోతే ఏం, అక్షరాలున్నయ్ గదా, తెలుగులోనే ఉన్నయ్ గదా, ఎందుకు చదవలేదని అడగరా నన్ను?”

“పొగలో కళ్ళు కనపడలేదన్నారు కదా.”

“నా కళ్ళకేం? సూదిలో దారం ఎక్కిస్తా ఇప్పటికీ.” ఆవిడ ఒళ్ళో ఉన్న పుస్తకం అట్టను అరచేత్తో రుద్దింది. “నాకు చదువు రాదు.”

అచ్యుతరావుకు వెంటనే అర్థం కాలేదు. ఇంగ్లీషు కదా అనబోయాడు.

“ఏదీ రాదు. తెలుగూ రాదు. చిన్నప్పుడు పొలానికి పంపారు గాని బడికి పంపలా. అంకెలు వచ్చు. మీ పెట్టెలో మొదటి గడి ఇడ్లీ, రెండోది దోసె, మూడోది పులిహోర, నాలుగోది పొంగలి. ఎదురుగా అంకె చూసి పెట్టేదాన్ని. రెండు గీతలుంటే జీడిపప్పు లేకుండా. గళ్ళు తీసేశాక వరసలు లెక్కబెట్టుకున్నా. ఆ రోజు అడుగున ఇంకో వరస ఉంది. ఉగాదికి శుభాకాంక్షలని వేశారు గదా, మళ్ళా అదే వేశారనుకున్నా.”

ఆయన ఆవిడ ఒళ్ళో ఉన్న బొమ్మల పుస్తకం వైపు చూశాడు.

“మైకులో నా పేరు చెప్పి, నా కోసమే తెలుగులో వేశామన్నారు. అంతమంది చప్పట్లు కొడతా ఉంటే నాకు రాదని ఎట్ట చెప్పను? మా ఉజ్వలకొక్కదానికే తెల్సు. దాన్ని నోరు విప్పనీయలా. అల్లుడికి తెలవదు. దియకు తెలవదు. అమ్మమ్మకు తెలుగు బాగా వచ్చని బళ్ళో చెప్పిందంట ఆ పిల్ల. నేను బొమ్మలు చూసి కథ కడతా.” ఆవిడ పుస్తకం పక్కన పెట్టి అంది, “వంటగదికి పోలేకపోతే బాధే అన్నయ్యగారూ. ఈ దేశంలో నాకు అదొక్కటే చోటు. కానీ గుడ్డిదన్నా పడతా గాని, చదువు రాని ముండ పిల్ల ప్రాణం మీదికి తెచ్చిందంటే నేను బతకలేను.”

అక్కడ కూర్చుని ఉండగా అచ్యుతరావుకు ఒక సంగతి తెలిసివచ్చింది. తను ఒప్పుకుందామనుకున్నది శేషమ్మ కోసం కాదు. తన గుండె మీది బరువు దించుకోవడానికి. ఆ బరువు తీసి మళ్ళీ ఈవిడ నెత్తినే పెట్టబోయాడు. నిజం చెబితే ఈవిడ గుట్టు బయటపడుతుంది, చెప్పకపోతే ఈవిడకు వంటగది లేదు. ఆయన నేల చూస్తూ అడిగాడు.

“మళ్ళీ వంటగదికి వస్తే టికెట్లు ముట్టుకోనని నాకు మాటిస్తారా? పొయ్యి దగ్గర మాత్రమే ఉంటారా?”

ఆ మాట ఆవిడకు తగిలింది. మొహం పక్కకు తిప్పుకుంది. “ముట్టుకోను. మా దియ మీద ఒట్టు.”

“అయితే జీడిపప్పు వద్దన్న మాట అసలు టికెట్ మీద పడనే లేదని చెబుతాను. ప్రోగ్రామ్‌లో తప్పని చెబుతాను. లేని మాటను ఎందుకు చదవలేదని మిమ్మల్ని ఎవరూ అడగరు.”

“అబద్ధమాడతారా? మీ పేరు పోదూ?”

“పోతుంది,” అన్నాడు అచ్యుతరావు.

ఆదివారం క్యాంటీన్ కట్టేశాక కమిటీ మళ్ళీ కూర్చుంది. ఆయన అడిగాడని విద్యను కూడా పిలిపించారు. లీల పక్కనే కూర్చుంది. ఆయన నిలబడి, కాగితం లేకుండా, తల ఎత్తకుండా చెప్పాడు. తెలుగు పెట్టడంలో పాత రెండు గీతల గుర్తు తీసేశానన్నాడు. దాని బదులు పడాల్సిన మాట ఆ రోజు టికెట్ మీద పడలేదన్నాడు.

“పడిందని ఆ రోజు నేను చెప్పింది నిజం కాదు. ఆ తర్వాత ఇంట్లో చూసుకుంటే తెలిసింది, తెలిసినా ఇన్నాళ్ళూ చెప్పలేదు. ప్రోగ్రామ్‌లో బగ్ ఉంది. శేషమ్మగారి తప్పు ఏమీ లేదు.”

‘బగ్’ అన్న మాట తన ప్రోగ్రామ్ గురించి ఆయన నోట రావడం అదే మొదటిసారి. మోహన్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

“అంకుల్, ఇన్ని రోజులు ఆంటీని అలా బ్లేమ్ చేయనిచ్చారా? ఐ డోంట్ నో వాట్ టు సే.” అతని గొంతులో కోపం కంటే అసహ్యం ఎక్కువ ఉంది. “వచ్చేవారం నుంచి టాబ్లెట్ పెడుతున్నాం. మీరు కౌంటర్ దగ్గరకు రావద్దు, ప్లీజ్. శేషమ్మ ఆంటీకి నేనే వెళ్ళి సారీ చెబుతాను.”

“టికెట్ల పని ఆవిడకు పెట్టకండి. వయసు మీద పడింది. వంట మాత్రం చేయనివ్వండి,” అన్నాడు అచ్యుతరావు. అప్పటికే అందరూ కుర్చీలు సర్దుతున్నారు.

మెట్లెక్కి బయటకు వస్తుంటే లీల మెల్లిగా అంది.

“ఆ మాట పడుతుంది కదండీ. మన టేబుల్ మీద పరిచిన టికెట్లలో నేనే చూశాను. ఎందుకిలా చెప్పారు?”

“వదిలెయ్ లీలా. నన్నడక్కు.”

ఆవిడ మరి అడగలేదు. కానీ ఆయన చెయ్యి పట్టుకోబోయి మానుకుంది. ఇంత కాపురంలో తనకు చెప్పకుండా ఆయన దాచుకున్నది ఏదో ఉందని ఆవిడకు అర్థమైంది.

పార్కింగ్‌లో వెనకనుంచి విద్య పిలిచింది. పిల్లల గదిలో ఆడుకుంటున్న అనికను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ పిల్లను చూడటం అచ్యుతరావుకు ఆ రోజు తర్వాత ఇదే మొదటిసారి.

“ఒక్క నిమిషం అంకుల్. నాకు కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు. కానీ ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. నట్స్ వద్దని అసలు నేను మీకు చెప్పానా, చెప్పాననుకుని ఊరుకున్నానా అని ఒకటే డౌట్. శేషమ్మ ఆంటీని అందరిలో అంత మాటన్నాను. పోయి కాళ్ళ మీద పడతాను ఆవిడకి.” విద్య కళ్ళు తుడుచుకుంది. “మీరు చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. అందరి ముందూ నిలబడి నిజం చెప్పారు. అది చాలా పెద్ద విషయం అంకుల్.”

అచ్యుతరావు ఏదో అనబోయాడు. శేషమ్మ గుట్టు గుర్తుకొచ్చి ఆ మాట మింగేశాడు.

విద్య వంగి కూతురితో, “తాతగారు మిస్టేక్ చేశారు కదా, బట్ నిజం చెప్పేశారు. థాంక్స్ చెప్పు,” అంది.

అనిక ఆయన మొహంలోకి చూసి, అమ్మ నేర్పినట్టే, వచ్చీ రాని తెలుగులో అంది.

“నిజమ్ చెప్పారు, తాంక్యూ తాతగారూ.”

అలవాటుగా ఆ పిల్ల తల మీద పెట్టబోయిన చెయ్యి సగంలోనే ఆగిపోయింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని, కారు ఎక్కడ పెట్టామని లీలను అడిగాడు. కారు ఆయన ఎదురుగానే ఉంది.